చుట్టపు చూపు నాన్న

రాత్రి ఒంటిగంట దాటింది. పాప ఒళ్లు కాలిపోతోంది. థర్మామీటరు 102.6 చూపిస్తోంది. జ్వరం సిరప్ ఇంట్లోనే ఉంది. సీసా మూత తీసి, కొలత కప్పు చేత్తో పట్టుకుని, అక్కడే ఆగిపోయాను. ఎంత పొయ్యాలి? తెలిసిన డాక్టరుగారికి ఫోన్ చేస్తే నిద్రమత్తులోనే ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "బరువెంత?"

"ఆరేళ్లండీ," అన్నాను.

"వయసు కాదు బాబూ, బరువు."

నాకు తెలీదు. పిల్లలకి పారాసిటమాల్ బరువు లెక్కన, కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఇస్తారని ఆ రాత్రే తెలిసింది. ఆ పిల్లని భుజాన వేసుకుని ఎన్నిసార్లు మెట్లెక్కానో లెక్కలేదు, బరువెంతో మాత్రం చెప్పలేను. ఇంట్లో తూకం మిషన్ కూడా లేదు. ఆఖరికి వాళ్లమ్మకి ఫోన్ చేశాను. అప్పటికి మేం విడిపోయి ఎనిమిది నెలలు. మా మధ్య మాటలన్నీ మెసేజుల్లోనే, అవి కూడా "ఐదుకి వస్తా", "సరే" వరకే. రెండో రింగుకే ఎత్తింది.

"ఇరవై కిలోల నాలుగొందలు. పోయిన నెల టీకాకి వెళ్లినప్పుడు తూచారు. పొయ్యగానే నీళ్లు ఇవ్వకు, కక్కేస్తుంది, ఒక నిమిషం ఆగి ఇయ్యి. కాళ్లు చల్లగా ఉన్నాయా చూడు. దుప్పటి తీసెయ్."

నాలుగు ముక్కలు చెప్పి పెట్టేసింది. "అది కూడా తెలీదా నీకు?" అని అడగలేదు. అడిగుంటే తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ని, మనసు తేలికపడేది. అడగకపోవడంతో ఆ ప్రశ్న నాలోనే ఉండిపోయింది.

తెలుగులో చుట్టపు చూపు అని ఒక మాట ఉంది. చుట్టం వస్తాడు. చేతిలో ఏదో ప్యాకెట్ ఉంటుంది. పిల్లలు చుట్టూ మూగుతారు. రెండ్రోజులు ఇల్లంతా సందడి. తువ్వాళ్లు ఏ అరలో ఉంటాయో ఆయనకి తెలీదు, తెలియాల్సిన అవసరమూ లేదు. వెళ్తూ వెళ్తూ బుగ్గ గిల్లి "బాగా చదువుకోవాలి" అంటాడు. చుట్టంలో తప్పేం లేదు, చుట్టం పని అదే.

ఆ రాత్రి కప్పు పట్టుకుని నిలబడ్డప్పుడు నేనెవరో నాకు తెలిసొచ్చింది. విడాకుల వల్ల ఇలా అయ్యానని కొన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. ఒకే ఇంట్లో ఐదేళ్లు కలిసున్నప్పుడూ నేను నా కూతురికి చుట్టాన్నే. పక్కన అన్నీ తెలిసిన మనిషి ఉంది కాబట్టి ఆ సంగతి బయటపడలేదు, అంతే.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, తండ్రుల నోట నేను ఎక్కువసార్లు విన్న మాట "పరిస్థితులు". పరిస్థితులు అలా ఉన్నాయి, ఏం చేస్తాం. నైట్ షిఫ్టులు. వేరే ఊళ్లో ఉద్యోగం. భార్యతో పడటం లేదు. ఉద్యోగం పోయింది, మొహం చూపించలేకపోతున్నా. పిల్లాడు నాతో మాట్లాడటం లేదు. ఇవేవీ చిన్న విషయాలు కావు, వీటిలో మూడింటిని నేనే పడ్డాను. కానీ నా ఉద్దేశం ఒకటే. పరిస్థితులు నాన్న చేసే పని ఆకారాన్ని మారుస్తాయి, ఆ పనిని రద్దు చేయలేవు. ఇది నీతిబోధలా వినిపిస్తుందని తెలుసు. అందుకే నా తప్పుల దగ్గర మొదలుపెట్టాను.

ఇంకొంచెం వెనక్కి వెళ్తాను. పాపకి నాలుగో నెల వచ్చేసరికి నాకు ఇంటికి వెళ్లాలనిపించేది కాదు. ఆఫీసులో పని అయిపోయినా కుర్చీలో కూర్చునేవాణ్ని. ఇంటికెళ్తే పాప ఏడుపు ఏదో పక్కింటి నుంచి వస్తున్నట్టు ఉండేది. కోపం లేదు, బాధ లేదు, ఏమీ లేదు. పని ఒత్తిడి అనుకున్నాను, ఇంట్లో అదే చెప్పాను. చాలా ఏళ్ల తర్వాత, ఒక వైద్య పత్రికలో 2010లో వచ్చిన సమీక్ష గురించి చదివాను. 43 అధ్యయనాలు, 28 వేల మంది లెక్కలు కలిపి చూస్తే, బిడ్డ కడుపులో ఉన్నప్పటి నుంచి ఏడాది నిండేలోగా తండ్రుల్లో పదిమందిలో ఒకరికి డిప్రెషన్ లక్షణాలు కనిపించాయట. అది ఎక్కువగా ఉండేది మూడు నుంచి ఆరు నెలల మధ్య. చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నాది అదే అని ఇప్పుడు ఎవరూ తేల్చి చెప్పలేరు. కానీ బాలింతకి ఎలా ఉందని అడిగే నోళ్లు తండ్రిని అడగవు, తండ్రీ చెప్పడు. చెప్పి ఉంటే ఒక డాక్టరు దగ్గరికి వెళ్లేవాణ్ని. చెప్పలేదు కాబట్టి ఆఫీసుకి వెళ్లాను. ఇప్పుడు కొత్తగా తండ్రయిన కుర్రాళ్లు కనిపిస్తే "పాప ఎలా ఉంది" తర్వాత "నువ్వెలా ఉన్నావ్, నిద్ర పడుతోందా" అని కూడా అడుగుతాను. చాలామంది నవ్వేసి ఊరుకుంటారు. ఒకతను మాత్రం గంటసేపు మాట్లాడాడు.

ఇంకో సాకు, అన్నిటికంటే పాతది. "అమ్మకి వచ్చినట్టు నాన్నకి రాదు. ప్రకృతే అలా చేసింది." నేను కూడా దీన్ని నమ్మాను, ఎందుకంటే ఇది నమ్మితే కష్టపడక్కర్లేదు. పాలివ్వడం మినహాయిస్తే దీనికి ఆధారం చాలా పల్చన. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 624 మంది కుర్రాళ్లని పరిశోధకులు కొన్నేళ్లపాటు గమనించి 2011లో ఫలితాలు ప్రచురించారు. తండ్రులైన వాళ్లలో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను బాగా తగ్గింది. రోజుకి మూడు గంటలో ఆ పైనో పిల్లల పనులు చేసేవాళ్లలో, అసలు చేయని తండ్రులకంటే ఇంకా తక్కువగా ఉంది. అంటే బిడ్డ పనికి తగ్గట్టు మగ ఒళ్లూ మారుతున్నట్టే. 2014లో ఇజ్రాయెల్‌లో తొలిసారి తల్లిదండ్రులైన 89 మంది మెదళ్లని స్కాన్ చేశారు. తల్లి లేకుండా ఇద్దరు మగవాళ్లే బిడ్డని పెంచుతున్న ఇళ్లలో, బిడ్డకి ఏమవుతుందో అని కంగారుపడే మెదడు భాగం, అమిగ్డలా, తల్లుల్లో పనిచేసినట్టే పనిచేసింది. మామూలు తండ్రుల్లో కూడా బిడ్డ పనులు చేసే సమయం పెరిగేకొద్దీ ఆ భాగానికి, ఎదుటివాళ్లని అర్థం చేసుకునే ఇంకో మెదడు భాగంతో లంకె గట్టిపడినట్టు కనిపించింది.

మధ్య ఆఫ్రికా అడవుల్లో ఉండే ఆకా అనే వేటగాళ్ల జాతిలో తండ్రులు రోజులో 47 శాతం సమయం పసిపిల్లలని ఎత్తుకునో, చేతికందే దూరంలోనో ఉంటారని బారీ హ్యూలెట్ అనే మానవశాస్త్రవేత్త లెక్కగట్టాడు. తల్లి వేటకి వెళ్లినప్పుడు పిల్ల ఏడిస్తే తన రొమ్మునే నోటికి అందించి ఊరుకోబెట్టే తండ్రులు కూడా ఉన్నారట. అది చదివి నవ్వాను. తర్వాత కప్పు పట్టుకుని నిలబడ్డ నన్ను తల్చుకుంటే నవ్వు ఆగిపోయింది.

అంటే, ముందు ప్రేమ పొంగి తర్వాత చేతులు కదులుతాయని నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను. నా విషయంలో జరిగింది తల్లకిందులుగా. చేతులు కదిలాక మిగతాది వచ్చింది. దానికి జడ కథ చెప్పాలి.

కోర్టు కాగితం ప్రకారం నాకు నెలలో రెండు వారాంతాలు, ప్రతి బుధవారం సాయంత్రం ఒక వీడియో కాల్. శనివారం పాప రెండు జడలతో వచ్చేది, ఆదివారం పొద్దునకి అవి పిచ్చుక గూడయ్యేవి. మొదట్లో రబ్బరు బ్యాండ్ ఒకటి వేసి పోనీ కట్టేసేవాణ్ని, అది కూడా ఓ పక్కకి ఒరిగిపోయేది. ఒకసారి తిరిగి దింపడానికి వెళ్లినప్పుడు వాళ్ల అమ్మమ్మ దాన్ని చూసి "అయ్యో, నా తల్లీ" అంటూ లోపలికి తీసుకెళ్లింది. నన్నేం అనలేదు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ మంట ఆమె మీద కాదని లిఫ్టు కిందకి వచ్చేలోపు తెలిసింది.

పాత తువ్వాలుని మూడు పేలికలుగా చింపి, ఒక చివర తలుపు గడియకి కట్టి నేర్చుకున్నాను. కుడి పాయ నడిమిదాని మీదుగా, ఎడమ పాయ నడిమిదాని మీదుగా. తువ్వాలు మీద రెండు రాత్రుల్లో వచ్చేసింది. తల మీద రాలేదు. తువ్వాలు కదలదు, "అబ్బా" అనదు. చిక్కు తియ్యడానికి దువ్వెన మాడు దగ్గర పెట్టి కిందకి లాగితే పాప కళ్లలో నీళ్లు. "నాన్నా, అమ్మ కింద నుంచి తీస్తుంది," అంది. కింద నుంచి అంటే ముందు కొసల దగ్గర చిక్కు విడదీసి, కొంచెం పైకి, ఇంకొంచెం పైకి. పై భాగం పిడికిట్లో గట్టిగా పట్టుకుంటే మాడు లాగదు. పాపిడి కోసం దువ్వెన తోకతో ముక్కు దగ్గర నుంచి సూటిగా గీత గీయాలి. అది ఒక్కసారికి తిన్నగా రావడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

జడ గొప్ప విషయమేం కాదు. కానీ ఆ పావుగంట దాని వీపు నా వైపు ఉంటుంది, మొహాలు ఎదురెదురుగా ఉండవు, ఇద్దరి చేతులకీ పని ఉంటుంది. ఎదురుగా కూర్చోబెట్టి "స్కూల్లో ఏం జరిగింది" అంటే "ఏం లేదు" అనే పిల్ల, జడ వేస్తుంటే గోడకి చెప్పినట్టు అన్నీ చెప్పేది. ఫలానా అమ్మాయి నా పక్కన కూర్చోనంటోంది. మిస్ నన్నే ఎందుకు నిలబెడుతుంది. అమ్మ నిన్న రాత్రి ఏడ్చింది. ఆ చివరి మాట విన్నప్పుడు నా చేతులు ఒక్క క్షణం ఆగాయి, మళ్లీ పాయ తిప్పాను. ఏమీ అడగలేదు. అడిగుంటే ఆ తర్వాత చెప్పడం మానేసేది.

ఒకసారి పార్కులో దానికి జడ విప్పి మళ్లీ వేస్తుంటే ఒకావిడ ఆగి "ఎంత మంచి నాన్నండీ!" అంది. పక్క బెంచీ మీద ఇంకో తల్లి, ఒళ్లో ఒకడు, ముక్కు చీదిస్తున్న వాడొకడు, బ్యాగ్ భుజాన. ఆవిణ్ని ఎవరూ మెచ్చుకోలేదు. తండ్రికి పాస్ మార్కు పదైతే తల్లికి తొంభై. ఈ లెక్క మనకి ముద్దుగానే ఉంటుంది, కానీ అది మనల్ని చుట్టం కుర్చీలోనే కూర్చోబెడుతుంది. "పిల్లల పనుల్లో మా ఆయన సాయం చేస్తారు" అనే మాట వింటే ఇప్పుడు నాకు ఇబ్బందిగా ఉంటుంది. తన అన్నం తను తినడాన్ని సాయం అనం కదా.

మరి నెలకి నాలుగు రోజులే దొరికే తండ్రి ఏం చేయగలడు? ఇది న్యాయమైన ప్రశ్న. మొదటి ఏడాది నాకు తోచిన జవాబు, ఆ నాలుగు రోజులూ పండగ చేయడం. సినిమా, బొమ్మలు, ఏది అడిగితే అది, ఎన్నింటికి పడుకుంటే అన్నింటికి. అమెరికాలో ఇలాంటి వాళ్లకి 'డిస్నీల్యాండ్ డాడ్' అని పేరే పెట్టారు. అందులో నాకు భయం కూడా ఉండేది, ఒక్కసారి కోప్పడితే వచ్చే వారం రానంటుందేమోనని. హోంవర్క్ ఊసెత్తేవాణ్ని కాదు. అది వాళ్లమ్మ పని. అంటే కసరడం ఆమె వంతు, కానుకలు నా వంతు. ఇంత అన్యాయమైన పంపకం ఏ కోర్టూ చేయదు, నేనే చేశాను.

1999లో పాల్ అమాటో, జోన్ గిల్‌బ్రెత్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లలతో కలిసి ఉండని తండ్రుల మీద వచ్చిన 63 అధ్యయనాలని ఒకచోట పెట్టి చూశారు. నెలకి ఎన్నిసార్లు కలిశారన్న దానికి, పిల్లలు బాగుండటానికి మొత్తమ్మీద పెద్దగా సంబంధం కనపడలేదు. కలిసినప్పుడు ఏం చేశారన్న దానికి కనపడింది. చదువులో కూర్చోవడం, చెప్పేది వినడం, హద్దులు పెట్టడం, తప్పు చేస్తే తప్పని చెప్పడం. ఇవి చేసిన తండ్రుల పిల్లలు చదువులోనూ, మనసు నిబ్బరంలోనూ కొంచెం మెరుగ్గా ఉన్నారు. ఇంకో సంగతి కూడా తేలింది. క్రమం తప్పకుండా డబ్బు కట్టడం కూడా పిల్లలకి మేలు చేసింది. "డబ్బు పంపితే తండ్రి అయిపోతాడా" అని ఎద్దేవా చేసేవాళ్లు దీన్ని గమనించాలి. డబ్బు ఒక్కటే చాలదు, నిజమే. ఎగ్గొట్టినవాడు మాత్రం మిగతాది ఎంత బాగా చేసినా నాకు నమ్మకం కలగదు.

ఆ తర్వాతి శనివారం నుంచి రాత్రి తొమ్మిదికి దీపం ఆర్పడం మొదలుపెట్టాను. రెండు వారాలు అలిగింది. "నీ ఇల్లు బోర్," అంది. ఆ మాట వాళ్లమ్మ ఇంటి గురించి కూడా అంటుందని తర్వాత తెలిసి నాకు లోపల్లోపల సంతోషమే కలిగింది. ఆఖరికి నా ఇల్లూ మామూలు ఇల్లయింది.

బుధవారం కాల్ ఇంకా కష్టం. స్క్రీన్ ముందు కూర్చున్న ఏడేళ్ల పిల్లతో ఎంతసేపు మాట్లాడతాం? మూడు ప్రశ్నలు, మూడు "ఊఁ"లు, తర్వాత ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోవడం. ఇంటర్వ్యూలా ఉండేది. ఒకరోజు దానికి హోంవర్క్ చాలా ఉంది. ఫోన్‌ని టేబుల్ మీద వెల్లకిలా పెట్టేసి రాసుకుంటోంది. నాకు కనిపించేది సీలింగు ఫ్యాన్ ఒక్కటే. మూడు రెక్కలు, ఒకదాని మీద దుమ్ము గీత. పెన్సిల్ గీరుతున్న శబ్దం, రబ్బరుతో తుడిపే శబ్దం, ముక్కు ఎగబీల్చడం. పెట్టేద్దామా అనుకున్నాను, పెట్టలేదు. నేనూ నా ఆఫీసు పని ఏదో చేసుకుంటూ కూర్చున్నాను. పది నిమిషాలకోసారి ఫ్యాన్ లోంచి ఒక గొంతు.

"నాన్నా, ఉన్నావా?"

"ఉన్నా."

నలభై నిమిషాలు. ఆ తర్వాత అదే మా పద్ధతి అయింది. ఆ ఫ్యాన్ రెక్క మీద దుమ్ము ఎప్పుడు తుడిచారో కూడా నాకు తెలుసు.

ఇంతకంటే ఘోరమైన దూరాలు ఉన్నాయి. 1930 అక్టోబరులో కూతురి పదమూడో పుట్టినరోజుకి నైనీ జైల్లో ఉన్న నెహ్రూ, జైలు నుంచి నీకు ఏం కానుక పంపగలనని అడుగుతూ ఉత్తరం మొదలుపెట్టాడు. 1933 దాకా ఆ వరసలో 196 ఉత్తరాలు రాశాడు, ప్రపంచ చరిత్రంతా కూతురికి చెబుతున్నట్టు. ఆయన రాజకీయాలు నచ్చనివాళ్లకి కూడా ఆ పట్టుదల ఒప్పుకోక తప్పదు. అయితే అందరూ నెహ్రూ కాలేరు కదా అంటారు. కానక్కర్లేదు. బ్రిటన్‌లో స్టోరీబుక్ డాడ్స్ అని ఒక సంస్థ ఉంది. ఖైదీలు పిల్లల కథని చదివి రికార్డు చేస్తారు. శిక్షణ పొందిన తోటి ఖైదీలే అందులో తడబాట్లు కత్తిరించి, చప్పుళ్లు, సంగీతం కలుపుతారు. ఆ రికార్డింగు పిల్లల చేతికి వెళ్తుంది. సరిగ్గా చదవడం రాని తండ్రులకి ఒక్కో వాక్యం చెప్పించి తర్వాత అతుకుతారట. రాత్రి పడుకునే ముందు పిల్ల వినేది నాన్న గొంతునే. నాకు ఆ వాక్యాలు అతికే ఖైదీ గుర్తుండిపోయాడు. ఎవరో ఒకడి కూతురి కోసం ఇంకొకడు అర నిమిషం తడబాటుని ఎంత జాగ్రత్తగా కత్తిరిస్తాడో.

ఇదంతా మనిషి మనసు మీద వదిలేస్తే సరిపోతుందని కూడా నేను అనను. నార్వేలో 1993లో తల్లిదండ్రుల సెలవులో నాలుగు వారాలు తండ్రికే కేటాయించారు. తీసుకోకపోతే పోతుంది, తల్లికి బదలాయించడం కుదరదు. అంతకుముందు వందలో నలుగురు తండ్రులు కూడా సెలవు తీసుకునేవారు కాదు. కొన్నేళ్లలోనే సగానికి పైగా తీసుకున్నారు. నార్వే మగవాళ్లకి రాత్రికి రాత్రి పిల్లల మీద ప్రేమ పుట్టలేదు కదా, "ఆఫీసులో ఏమనుకుంటారో" అనే భయానికి చట్టం మందు వేసింది. దీనికి రెండో వైపు జపాన్. కాగితం మీద తండ్రులకి దాదాపు ఏడాది సెలవు ఉన్నా, 2019లో దాన్ని వాడుకున్నవాళ్లు వందలో ఎనిమిది మంది కూడా లేరు. కాబట్టి సెలవు ఇవ్వని యజమానిని తిట్టే హక్కు మనకుంది. ఇచ్చిన సెలవు తీసుకోకుండా "నేను లేకపోతే ప్రాజెక్టు ఆగిపోతుంది" అనే మనల్ని ఎవరు తిట్టాలి? నేను అలా అన్నాను. పాప పుట్టిన మూడో రోజు ఆఫీసుకి వెళ్లాను. ఆ ప్రాజెక్టు పేరు ఇప్పుడు గుర్తు లేదు.

ఎలాంటి పరిస్థితిలోనైనా అంటున్నాను కదా, ఒక మినహాయింపు చెప్పకపోతే నా వాదన ప్రమాదకరం అవుతుంది. చెయ్యెత్తే తండ్రి, ఇంట్లో వాళ్లని భయపెట్టిన తండ్రి "నేను నాన్నని, నాకు హక్కుంది" అని తలుపు బాదకూడదు. అతని విషయంలో నాన్న పని అంటే దూరంగా ఉండటం, తనని తాను బాగుచేసుకోవడం, వేరే పెద్దమనిషి సమక్షంలోనే కలవాలంటే తల వంచి అలాగే కలవడం. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒప్పందంలో తొమ్మిదో అధికరణం, తల్లిదండ్రుల నుంచి విడిగా ఉన్న బిడ్డకి వాళ్లిద్దరితో క్రమం తప్పకుండా కలిసే హక్కు ఉందంటుంది. దాని మేలుకి విరుద్ధమైతే తప్ప అని కూడా అక్కడే ఉంది. చదివినప్పుడు నా దృష్టి ఆగింది ఆ హక్కు ఎవరిదన్న దగ్గర. బిడ్డది. నేను అప్పటిదాకా "నా వారాంతం", "నా బుధవారం" అని గొడవ పడుతున్నాను.

గొడవ అంటే నిజంగా గొడవే. మధ్యలో ఒకసారి మూడు నెలలు పాపని చూడలేదు. కారణాలు ఇక్కడ రాయను, అందులో సగం నా కారణాలు, సగం వాళ్లమ్మవి, నేను రాస్తే నా సగం చిన్నదైపోతుంది. ఆ మూడు నెలలు చేసినవి మూడు పనులు. ఫీజు, ఖర్చులు ఒక్క రోజు ఆలస్యం లేకుండా పంపాను. లాయరు ద్వారా అడగాల్సింది అడిగాను. పాపకి వారానికో ఉత్తరం రాసి పోస్టు చేశాను, అందులో "నిన్ను చూడనివ్వట్లేదు" అనే మాట ఎక్కడా రాకుండా. అది కష్టం. ఉత్తరం రాసి, చదివి, ఆ వాసన వచ్చిన వాక్యం కొట్టేసి మళ్లీ రాసేవాణ్ని. కుక్కపిల్లల గురించి, ఎదురింటి వాళ్ల చెట్టు మీద కాకి గూడు గురించి రాశాను. ఒక ఉత్తరం మొత్తం కాకి గూడే.

తిరిగి కలిశాక నేను చేసిన ఇంకో తప్పు, దాన్ని పోస్ట్‌మ్యాన్‌ని చేయడం. "అమ్మకి చెప్పు, ఫీజు కట్టేశానని." ఒకరోజు బూటు లేసు కట్టుకుంటూ తలెత్తకుండానే "నాన్నా, నువ్వే మెసేజ్ పెట్టు. నాకు మర్చిపోతానేమో అని టెన్షన్ వస్తుంది" అంది. ఎనిమిదేళ్లు దానికి. ఆ రోజు నుంచి ఏ కబురైనా నేనే పంపుతున్నాను. వాళ్లమ్మకీ నాకూ ఇప్పటికీ స్నేహమేం లేదు. కానీ డాక్టరు అపాయింట్‌మెంటు, టీచరు చెప్పినది, కొత్త అలర్జీ, ఇవన్నీ ఇద్దరి ఫోన్లలోనూ ఉంటాయి. నా నోట్‌బుక్కులో కూడా ఉంటాయి. జ్వరం వచ్చిన రాత్రి మర్నాడు కొన్న నోట్‌బుక్ అది. మొదటి పేజీలో మొదటి గీత: 20.4 కిలోలు. తర్వాత పాదం కొలత, క్లాస్ టీచరు పేరు, ఏ పన్ను ఎప్పుడు ఊడింది, చీకటిలో భయమేసేది దేనికి, ఎవరితో పచ్చి, ఎవరితో కచ్చి. చివరిది వారానికోసారి మార్చాల్సి వస్తుంది.

మా నాన్న సంగతి చెప్పలేదు. ఆయన షిఫ్టుల మనిషి. నేను ఏ తరగతో ఆయనకి తెలిసేది కాదని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు. ప్రేమగా ఒక్క మాట అన్నట్టు గుర్తు లేదు. కానీ కొత్త పుస్తకాలు వచ్చిన రోజు రాత్రి, ఏ షిఫ్టు నుంచి వచ్చినా సరే, నేల మీద కూర్చుని అన్నిటికీ అట్టలు వేసేవాడు. కాగితం మడత గోటితో గీరి పదును పెట్టేవాడు. మూలలు త్రికోణంగా లోపలికి మడిచి, పుస్తకం రెండుసార్లు తెరిచి మూసి బిగుతు చూసేవాడు. లేబుల్ మీద నా పేరు గుండ్రటి అక్షరాలతో, తరగతి దగ్గర ఆగి, తలెత్తి, "ఎంత?" అని అడిగి రాసేవాడు. ఇన్నాళ్లూ ఆ "ఎంత?" నాకు జోక్. డాక్టరుగారు "బరువెంత?" అన్న రాత్రి నుంచి కాదు. తెలియకపోతే అడిగి రాసుకునేవాడు, కనీసం. ఏడాదికి ఒక్క రాత్రే, కానీ పదేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. ఆయన కాలంలో, ఆయన ఉద్యోగంలో, ఆయనకి తెలిసిన నాన్నతనం అంతే. నాకు అంతకంటే ఎక్కువ తెలుసు, కాబట్టి నా లెక్క వేరే.

పాపకి ఇప్పుడు పదకొండు. పోయిన నెల వచ్చినప్పుడు లిఫ్టులోంచి దిగింది చూస్తే జుట్టు చెవుల దాకా కత్తిరించేసి ఉంది. "ఎలా ఉంది?" అని తల అటూ ఇటూ ఊపింది. బాగుంది అన్నాను, నిజంగానే బాగుంది. రాత్రి అది పడుకున్నాక సొరుగు తీస్తే దువ్వెన, పాపిడి తీసే తోక దువ్వెన, రంగురంగుల రబ్బరు బ్యాండ్లు ఒక డబ్బా. ఏం చెయ్యాలో తెలియక మళ్లీ సొరుగు మూసేశాను. ఇప్పుడు దానికి నాతో కబుర్లు చెప్పే తీరిక కూడా తగ్గింది. ఫోన్ ఫ్యాన్ వైపే ఉంటుంది, "ఉన్నావా" అని అడగడం మాత్రం అరగంటకోసారి అయింది.

నిన్న బుధవారం ఆ ఫ్యాన్ లోంచే ఒక ప్రశ్న వచ్చింది. భిన్నాన్ని భిన్నంతో భాగించేటప్పుడు రెండోదాన్ని ఎందుకు తిరగేస్తాం అని. ఎలా చెయ్యాలో నాకు తెలుసు, ఎందుకో తెలీదు. "శనివారం చెప్తా," అన్నాను. "నీకు రాదు కదా?" అంది. "రాదు," అన్నాను. ఇంకా రెండు రాత్రులున్నాయి. టేబుల్ మీద కాగితం రొట్టెలు గుండ్రంగా కత్తిరించి పెట్టుకున్నాను. సగాన్ని పావులతో కొలిస్తే రెండు వస్తున్నాయి, అక్కడి దాకా అర్థమైంది.